జిల్లా ఆరోగ్యానికి లెక్క చెప్పేదెవరు?

2016 అక్టోబరు 11న తెలంగాణ పాత జిల్లాల పునర్విభజనలో జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు పుట్టాయి. మహబూబాబాద్‌లో 2022 నవంబరులో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. 2023 సెప్టెంబరులో జనగామకు, భూపాలపల్లికి కూడా వచ్చాయి. ఏ పెద్ద జబ్బు చేసినా వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి, అక్కడా కాకపోతే హైదరాబాద్ గాంధీ, ఉస్మానియాలకు పరుగెత్తిన ప్రాంతానికి ఇది చిన్న మార్పు కాదు. అయితే ఏ దవాఖానైనా తన గడప తొక్కిన రోగి గురించే చెప్పగలదు. పోయిన ఏడాది జనగామ జిల్లాలో ఏడాది నిండకుండా ఎంతమంది పసిపిల్లలు చనిపోయారు, వారిలో ఎక్కువమంది ఏ మండలం వారు, ఏ కారణంతో పోయారు? మహబూబాబాద్ తండాల్లో వానాకాలం జ్వరాలు ఏ ఊళ్లో మొదలై ఏ దిక్కుకు పాకాయి? భూపాలపల్లి గనుల పక్కన కాపురం ఉండేవారికి ఊపిరితిత్తుల జబ్బులు మిగతావారికన్నా ఎక్కువా? ఇలాంటి ప్రశ్నలకు జవాబు ఒక్కచోట, ఒక బాధ్యుడైన అధికారి సంతకంతో, మామూలు మనిషి చదవగలిగే భాషలో దొరకాలి. 1950లో ఇంగ్లండులోని ఒక మోస్తరు పట్టణంలో అది దొరికేది. అలాంటి పట్టణాల ఆరోగ్యం బాగుపడటంలో ఆ ఏటేటి లెక్కకు గట్టి పాత్ర ఉందనీ, మన మూడు జిల్లాలకు ఇప్పుడు అన్నిటికన్నా ముందు కావలసింది అదేననీ ఈ వ్యాసం వాదన.

బరో ఆరోగ్యాధికారి

ఇంగ్లండులో సొంత పాలక మండలి ఉన్న పట్టణాన్ని బరో అనేవారు. మన పురపాలక సంఘానికి దగ్గరి వ్యవస్థ అది. ఫ్యాక్టరీల చుట్టూ జనం కిక్కిరిసి కలరా, టైఫస్, టైఫాయిడ్ చెలరేగుతున్న రోజుల్లో లివర్‌పూల్ నగరం 1847లో విలియం హెన్రీ డంకన్ అనే వైద్యుణ్ణి నగర ఆరోగ్యాధికారిగా నియమించింది. మరుసటి ఏడాది లండన్ నగరపాలక సంస్థ జాన్ సైమన్‌ను నియమించుకుంది. 1872 నాటి చట్టం ప్రతి స్థానిక పాలక సంస్థకూ ఇలాంటి అధికారి ఉండి తీరాలంది. మందులు రాసివ్వడం ఆయన ప్రధాన కర్తవ్యం కాదు. ఆయనకు ఊరంతా కలిసి ఒకే రోగి. ఆ రోగి స్థితి ఎలా ఉందో ఏటా ఒక నివేదిక రాసి పాలక మండలి ముందు పెట్టాలి. అందులో జననాలు, మరణాలు, మరణ కారణాలు, శిశు మరణాల రేటు, వార్డుల వారీగా నమోదైన అంటువ్యాధులు, తాగునీటి పరీక్షలు, పాలలో కల్తీ, కబేళాల తనిఖీ, చెమ్మ పట్టిన ఇళ్లు, క్షయ రోగుల కుటుంబాలు అన్నీ ఉండేవి. అది అచ్చయ్యేది, పత్రికలకు అందేది. కౌన్సిలు సభ్యులు దాన్ని పట్టుకుని ప్రశ్నలు వేసేవారు.

1948 జులై 5న బ్రిటన్ జాతీయ ఆరోగ్య సేవ మొదలైనప్పుడు పురపాలక ఆసుపత్రులు స్థానిక సంస్థల చేతుల్లోంచి వెళ్లిపోయాయి. అయినా తల్లీబిడ్డల సంరక్షణ, ఇంటింటికీ వెళ్లే ఆరోగ్య సందర్శకులు, మంత్రసానులు, ఇళ్ల దగ్గర నర్సుల సేవ, టీకాలు, అంబులెన్సులు పెద్ద బరోల కిందే మిగిలాయి. చిన్న బరోల చేతిలో పారిశుద్ధ్యం, ఇళ్ల తనిఖీ, ఆహార పరీక్ష, అంటువ్యాధుల అదుపు ఉన్నాయి. చికిత్స ఒకరి పని, ఊరి ఆరోగ్యం మరొకరి పని అనే విభజన ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. ఆసుపత్రి ఎంత పెద్దదైనా నీళ్లు, పాలు, ఇల్లు, టీకా, పురుడు అన్నవాటికి జవాబుదారీ స్థానికంగా ఒకరు ఉండాలని వాళ్లు గుర్తించారు.

రేటు వెనుక గణితం

ఈ నివేదికలకు బలం ఇచ్చింది ఒక చిన్న గణితం. ఆరోగ్య గణాంకం ఏదైనా భిన్నమే. లవం జబ్బు పడినవారి సంఖ్య, హారం జబ్బు పడే అవకాశం ఉన్నవారి సంఖ్య. ఒక మండలంలో 40 డెంగీ కేసులు, పక్క మండలంలో 20 కేసులు అన్నంత మాత్రాన మొదటిదే ప్రమాదంలో ఉందనలేం. జనాభా ఎంతో, ఎంతమందికి రక్తపరీక్ష చేశారో తెలియాలి. మలేరియాలో వెయ్యి జనాభాకు ఏడాదికి ఎన్ని కేసులు అని లెక్కిస్తారు. అదే సమయంలో నూటికి ఎంతమంది రక్తపూతలు పరీక్షించారో కూడా చూస్తారు. పరీక్షలు తగ్గించినా కేసులు తగ్గినట్టే కనిపిస్తాయి కనుక రెండో అంకె లేకుండా మొదటిదాన్ని నమ్మకూడదు. బరో అధికారికి హారం తెలుసు, ఎందుకంటే సరిహద్దు స్థిరం, జనగణన క్రమబద్ధం. లవమూ నమ్మదగ్గదే, ఎందుకంటే 1874 చట్టం తర్వాత వైద్యం చేసిన డాక్టరు మరణ కారణాన్ని ధ్రువీకరించడం తప్పనిసరి అయింది, 1899 నుంచి అంటువ్యాధిని చూసిన ప్రతి వైద్యుడూ స్థానిక అధికారికి తెలియజేయడం దేశమంతటా తప్పనిసరి అయింది. అంతకన్నా ముఖ్యంగా, ఊరి మనిషి పక్క పట్టణం ఆసుపత్రిలో కన్నుమూసినా ఆ మరణం అతడి సొంతూరి లెక్కలోకి తిరిగి వచ్చేది. ఈ ఒక్క ఏర్పాటు లేకపోతే పెద్దాసుపత్రి ఉన్న నగరం రోగాల పుట్టలా, లేని పల్లె ఆరోగ్యానికి ఆలవాలంలా కాగితం మీద తేలుతుంది.

ఫలితం కనబడిందా? ఇంగ్లండు, వేల్స్‌లో 1900 ప్రాంతంలో పుట్టిన ప్రతి వెయ్యి మంది శిశువుల్లో సుమారు 150 మంది ఏడాది లోపే చనిపోయేవారు. 1950 నాటికి ఆ సంఖ్య 30 దగ్గరికి దిగింది. డిఫ్తీరియా 1940లో 2,000 మందికి పైగా ప్రాణాలు తీసింది. ఆ ఏడాదే పెద్ద ఎత్తున టీకాలు మొదలయ్యాయి. 1950 నాటికి మరణాలు పదుల్లోకి దిగాయి. టీకా పరిశోధన జాతీయ, అంతర్జాతీయ విజ్ఞానం. కానీ పట్టణంలో ఐదేళ్ల లోపు పిల్లల్లో ఎందరికి టీకా పడింది, ఎందరికి పడలేదు అన్నది తేల్చి ఆరోగ్య సందర్శకులను ఇంటికి పంపింది స్థానిక కార్యాలయమే.

ఇక్కడ ఒక బలమైన ఆక్షేపణ ఉంది. థామస్ మెకియోన్ అనే ఆరోగ్య చరిత్రకారుడు, క్షయ మరణాలు 1947లో స్ట్రెప్టోమైసిన్ బ్రిటన్‌కు రాకముందే దశాబ్దాలుగా తగ్గుతూ వచ్చాయనీ, ఇందుకు వైద్యం కన్నా మెరుగైన తిండే ప్రధాన కారణమనీ వాదించాడు. అదే నిజమైతే ఆరోగ్యాధికారుల పాత్ర ఎంత? 1988లో సైమన్ ష్రెటర్ దీనికి సమాధానం చెప్పాడు. శుభ్రమైన నీరు, మురుగు పారుదల, ఇళ్ల తనిఖీ వంటివి తమంత తాము రాలేదు. స్థానిక అధికారులు అంకెలు చూపించి, పన్ను చెల్లింపుదారులతో పోట్లాడి సాధించినవి. మెకియోన్ చెప్పిన తిండి మాటనూ తోసిపుచ్చనక్కర్లేదు. జార్ఖండ్‌లో జరిగి 2023లో ప్రచురితమైన పరిశోధనలో, క్షయ రోగి కుటుంబసభ్యులకు అదనపు ఆహారం అందించినప్పుడు వారిలో కొత్తగా క్షయ జబ్బు రావడం దాదాపు 40 శాతం తగ్గింది. అయితే ఏ ఇంట్లో క్షయ ఉందో, ఏ ఇంట్లో తిండి చాలడం లేదో స్థానికంగా ఎవరికో తెలిసి ఉంటేనే ఆ తిండి ఆ ఇంటికి చేరుతుంది. ఆహారం గొప్పదా, ఆరోగ్య కార్యాలయం గొప్పదా అనే పోటీ ఇక్కడికి వచ్చేసరికి నిలవదు.

క్రాయిడన్ బావి, మన ఊరి ట్యాంకు

లెక్క ఉన్నంత మాత్రాన చాలదనీ, శాఖలు మాట్లాడుకోకపోతే ప్రాణాలు పోతాయనీ చెప్పే ఘటన కూడా ఆ చరిత్రలోనే ఉంది. 1937 చివర్లో లండన్ పక్కనున్న క్రాయిడన్ బరోలో టైఫాయిడ్ చెలరేగింది. 300 మందికి పైగా జబ్బుపడ్డారు, 43 మంది చనిపోయారు. విచారణలో తేలింది ఇది: పట్టణానికి నీరిచ్చే ఒక బావిలో మరమ్మతులు జరుగుతున్నాయి. ఆ సమయంలో క్లోరిన్ కలపడం ఆగింది, కానీ నీటి సరఫరా ఆగలేదు. పనివాళ్లలో ఒకరు తనకు తెలియకుండానే టైఫాయిడ్ క్రిములను మోస్తున్న మనిషి. బావి ఇంజినీరు చేతిలో ఉంది, జ్వరాల లెక్క ఆరోగ్యాధికారి చేతిలో ఉంది. మరమ్మతుల సంగతి ఆరోగ్య విభాగానికి సకాలంలో చేరలేదు. సమాచారం రెండు గదుల మధ్య ఆగిపోయినందుకు పట్టణం మూల్యం చెల్లించింది.

మన ఊళ్లలో నీటి బాధ్యత అంతకన్నా ఎక్కువ చేతుల్లో ఉంది. 2016 ఆగస్టులో ప్రారంభమైన మిషన్ భగీరథ నదుల నీటిని శుద్ధిచేసి పెద్ద పైపుల్లో ఊరిదాకా తెస్తుంది. ఊళ్లో ఓవర్‌హెడ్ ట్యాంకు కడగడం, వీధి పైపుల లీకులు, గేటువాల్వు గుంతల్లో నిలిచే మురుగు పంచాయతీ చూసుకోవాలి. నీళ్ల వల్ల జ్వరమో విరేచనాలో వస్తే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం చూస్తుంది. చాలా సందర్భాల్లో రోగి అక్కడికన్నా ముందు ఊళ్లో డిగ్రీ లేకుండా వైద్యం చేసే ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తాడు, ఆ జ్వరం ఏ లెక్కలోకీ రాదు. ఆ తర్వాత ప్రైవేటు ల్యాబులో వైడల్ పరీక్ష చేసి టైఫాయిడ్ అంటారు. ఆ పరీక్ష పాత ఇన్‌ఫెక్షన్‌కూ, ఇతర జ్వరాలకూ పాజిటివ్ చూపగలదు కనుక రక్తం కల్చర్ లేకుండా దాన్ని నమ్మలేం. శుద్ధి కేంద్రం దగ్గర నీరు స్వచ్ఛంగా ఉన్నట్టు కాగితం ఉంటుంది. చివరి కొళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉందో లేదో, అదే వారం ఆ వాడలో జ్వరాలు పెరిగాయో లేదో పక్కపక్కన పెట్టి చూసే బాధ్యత ఒక్కరిదని చెప్పలేం. మామూలు రోజుల్లో ఇలా నెట్టుకురావచ్చు. 2023 జులై 27న మోరంచవాగు పొంగి భూపాలపల్లి దగ్గరి మోరంచపల్లి మునిగినప్పుడు, 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లాలో వాగులు పొంగి కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింది కట్టే కొట్టుకుపోయినప్పుడు నెట్టుకురావడం కుదరదు. వరద తగ్గిన మరునాటి నుంచి ఏ బోరు నీరు తాగొచ్చు, ఏ ట్యాంకు కడగాలి, ఏ ఊళ్లో విరేచనాలు మొదలయ్యాయి అన్నవి ఒకే బల్ల మీదికి రావాలి.

నీటి విషయంలో మన ప్రాంతానికి ఇంకో పాఠం ఉంది. 1937లో నాటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్‌ను శాస్త్రీయంగా గుర్తించి వైద్య పత్రికలో ప్రచురించారు. 1940లలో నల్లగొండలో కూడా అది బయటపడింది. జనగామ అప్పటికి నల్లగొండ జిల్లాలో తాలూకా. ఎముకలు వంగిపోయిన మనుషులు అంతకుముందూ ఉన్నారు. ఒకే నేల మీద, ఒకే నీరు తాగేవారిలో అవే లక్షణాలు ఎందుకు వస్తున్నాయని ఎవరో ఊళ్లు తిరిగి పోల్చి చూసినప్పుడే కారణం దొరికింది. దవాఖానలో ఒక్కొక్క రోగిని విడిగా చూస్తూ ఉంటే అది మోకాళ్ల నొప్పిగానే మిగిలిపోయేది.

ఉన్న బలగం, లేని చిత్రపటం

మనకు పునాది లేదనడం సరికాదు. 1943లో ఏర్పడి 1946లో నివేదిక ఇచ్చిన భోర్ కమిటీ, నివారణనూ చికిత్సనూ కలిపే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఆలోచనను దేశం ముందు పెట్టింది. ఊరి స్థాయిలో ప్రజలతో ఆరోగ్య సంఘాలు ఉండాలని చెప్పింది. ఆ బాటలోనే నేడు మైదానంలో 30 వేల మందికి, గిరిజన ప్రాంతంలో 20 వేల మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, 5 వేలకు లేదా 3 వేలకు ఒక ఉపకేంద్రం అనే ప్రమాణం నిలిచింది. ఉపకేంద్రంలో ఏఎన్ఎం, 2005 తర్వాత సుమారు వెయ్యి జనాభాకు ఒక ఆశా కార్యకర్త వచ్చారు. ఇంగ్లండు బరోలో ఆరోగ్య సందర్శకురాలు చేసిన పనిని కొత్తగూడ, గంగారం అడవి గూడేల్లో, బయ్యారం తండాల్లో వీళ్లే చేస్తున్నారు. గర్భిణుల పేర్లు రాయడం, టీకాల రోజు పిల్లల్ని పోగుచేయడం, జ్వరం ఉన్నవారి వేలు పొడిచి అక్కడికక్కడే మలేరియా పరీక్ష చేయడం వారి దినచర్య. దేశంలో మలేరియా కేసులు 2015లో 11 లక్షలకు పైగా ఉంటే 2022లో 2 లక్షల లోపు నమోదయ్యాయి. ఈ తగ్గుదలలో పరీక్షా కిట్లకూ మందు పూసిన దోమతెరలకూ ఎంత వాటా ఉందో, ఇల్లిల్లూ తిరిగిన ఈ మహిళల కాళ్లకూ అంత వాటా ఉంది.

కానీ వారు రాసిన అంకె పైకి వెళ్లినంత వేగంగా కిందికి తిరిగి రాదు. ప్రతి పథకానికీ ఒక పోర్టల్ ఉంది: గర్భిణులకు ఒకటి, క్షయకు ఒకటి, మధుమేహం, రక్తపోటులకు ఒకటి, అంటువ్యాధులకు ఒకటి. పథకాల వారీగా నిలువుగా పేర్చిన ఈ సమాచారాన్ని ఒక ఊరి వారీగా అడ్డంగా చదివేవారు లేరు. బాధ్యత కూడా చీలిపోయే ఉంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు జిల్లా వైద్యాధికారి కింద, ఏరియా ఆసుపత్రులు వైద్య విధాన పరిషత్తు కింద, వైద్య కళాశాలకు అనుబంధమైన బోధనాసుపత్రి వైద్య విద్యా సంచాలకుల కింద ఉంటాయి. భూపాలపల్లిలో సింగరేణి బొగ్గు గనుల కార్మికులకు సంస్థ సొంత వైద్య వ్యవస్థ ఉంది. గని కార్మికుడికి చట్టప్రకారం నియమిత కాలానికోసారి వైద్య పరీక్ష జరుగుతుంది. అదే గాలి పీల్చే పక్కింటి రైతుకూ, చెల్పూరు విద్యుత్ కేంద్రం చుట్టుపక్కల వారికీ అలాంటి పరీక్ష లేదు. రెండు వర్గాల వివరాలు పక్కపక్కన పెడితేనే బొగ్గు ధూళి, బూడిద ప్రభావం ఎంతో, పొగాకు ప్రభావం ఎంతో వేరుచేసి చెప్పగలం. 1952 డిసెంబరులో లండన్‌ను పొగమంచు కమ్మినప్పుడు మరణాల నమోదు వారంవారం కచ్చితంగా ఉండబట్టే వేలమంది అదనంగా చనిపోయారని తేలింది. ఆ తర్వాత 1956లో స్వచ్ఛ గాలి చట్టం వచ్చింది.

హారం సమస్య ఇంకా తీవ్రం. 2011 జనగణన నాటికి ఈ జిల్లాలే లేవు. పాత వరంగల్ మండలాలకు పాత కరీంనగర్ నుంచి కాటారం, మహదేవపూర్ వైపు మండలాలు కలిపి భూపాలపల్లిని చేశారు. 2019 ఫిబ్రవరిలో ములుగును విడదీశారు. పాత జనగణన అంకెల ప్రకారం 7.11 లక్షల జనాభా ఉన్న జిల్లా 4.17 లక్షలకు తగ్గింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మాత్రం 2017 నాటి సరిహద్దులనే తీసుకుంది. కాబట్టి అందులో భూపాలపల్లి అంటే ములుగు కూడా కలిసినదే. పైగా ఆ సర్వే తెలంగాణలో జిల్లాకు సగటున 900 లోపు కుటుంబాలనే చూసింది. అంత చిన్న నమూనాతో శిశు మరణాల రేటు తేల్చలేరు కనుక జిల్లా పత్రాల్లో ఆ అంకె ఉండదు. 2021లో జరగాల్సిన జనగణన 2027కు వాయిదా పడింది. లవం సంగతి చూస్తే, జనన మరణాలు జరిగిన చోట నమోదవుతాయి. భూపాలపల్లి మహిళ హనుమకొండలో ప్రసవిస్తే అది హనుమకొండ ఖాతా. మరణ కారణాన్ని డాక్టరు ధ్రువీకరించిన కేసులు 2020లో దేశంలో నమోదైన మరణాల్లో 22.5 శాతమే.

ఈ ఖాళీ ఎంత సులభంగా పూడ్చగలమో చిన్న లెక్క చెబుతుంది. ఐదున్నర లక్షల చుట్టూ జనాభా ఉన్న జనగామ వంటి జిల్లాలో, 2020 నాటి తెలంగాణ సగటు జనన రేటు వెయ్యికి 16 చొప్పున వేస్తే ఏడాదికి దాదాపు 9 వేల కాన్పులు. అదే ఏడాది రాష్ట్ర శిశు మరణాల రేటు వెయ్యికి 21. అంటే ఇలాంటి జిల్లాలో ఏడాదికి 180, 190 మంది పసివాళ్లు. ఇది రాష్ట్ర సగటు నుంచి వేసిన అంచనా మాత్రమే. అసలు సంఖ్య అంతకన్నా తక్కువో ఎక్కువో జిల్లా చెప్పాలి. కానీ దీన్నిబట్టి ఒక విషయం తెలుస్తుంది. వారానికి నాలుగు మరణాలు ఒక కార్యాలయం ఒక్కొక్కటిగా విచారించలేనంత పెద్ద సంఖ్య కాదు. నెలలు నిండకుండా పుట్టారా, కాన్పులో ఊపిరాడలేదా, వాగు దాటలేక ఆలస్యమైందా, న్యుమోనియాను గుర్తించలేదా అన్నది తెలిస్తే, వచ్చే ఏడాది డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాలో తెలుస్తుంది. మాతృ మరణాలను, శిశు మరణాలను సమీక్షించే విధానం జాతీయ మార్గదర్శకాల్లో ఇప్పటికే ఉంది. దాని సారాంశం పేర్లు లేకుండా జిల్లా ప్రజల ముందుకు రావడమే మిగిలింది.

ఆక్షేపణలకు సమాధానం

ఇంగ్లండు ధనిక దేశం, దాన్ని చూసి మనం వాతలు పెట్టుకోవడం ఏమిటని అనవచ్చు. ఇక్కడ అరువు తెచ్చుకుంటున్నది ఖరీదైన యంత్రం కాదు. ఏఎన్ఎం, ఆశా ఇప్పటికే రాస్తున్న సమాచారాన్ని నివాస స్థలం వారీగా కూర్చి, అర్థం చెప్పి, అచ్చువేయడం. ఒక ఆపరేషన్ థియేటర్ ఖర్చుతో పోలిస్తే ఇది చాలా తక్కువ. అంతకన్నా సూటి ప్రశ్న ఇంకొకటి: ఇది నీళ్ల జబ్బుల కాలం కాదు, రక్తపోటు, మధుమేహం, గుండెపోటు, కిడ్నీ జబ్బుల కాలం, కాబట్టి పెద్దాసుపత్రులే కావాలి కదా? పెద్దాసుపత్రులు కావాలి, సందేహం లేదు. కానీ రక్తపోటు ఉన్నట్టే తెలియని మనిషి దవాఖానకు రాడు, పక్షవాతం వచ్చాక వస్తాడు. ముప్పై ఏళ్లు దాటినవారిలో ఎంతమందికి కొలిచారు, ఎంతమందికి అదుపులో ఉంది అన్నది కూడా లవం, హారాల లెక్కే. ఆసుపత్రి ఒక్కటే చాలదని చెప్పే ఆధారం మన దగ్గరే ఉంది. 2015–16, 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల మధ్య తెలంగాణలో ఆసుపత్రి కాన్పులు 91.5 నుంచి 97 శాతానికి పెరిగాయి. అదే కాలంలో వయసుకు తగ్గ ఎత్తు ఎదగని పిల్లలు 28 నుంచి 33.1 శాతానికి పెరిగారు. మహిళల్లో రక్తహీనత 56.6 నుంచి 57.6కు చేరింది. 2019–21 సర్వేలో కాన్పుల్లో సిజేరియన్లు 60.7 శాతం. ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5 శాతం, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5 శాతం. జనాభా మొత్తంలో సిజేరియన్లు పది శాతం దాటాక తల్లీబిడ్డల మరణాలు అందువల్ల తగ్గినట్టు కనిపించదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. తలుపులు తెరుచుకున్నాయి, కానీ ఇంట్లో తిండి, ఒంట్లో రక్తం మెరుగుపడలేదు. జిల్లా స్థాయిలో ఈ తేడాను పట్టి చూపే గొంతు కావాలి.

నిజం చెప్పే అధికారిని బదిలీ చేస్తారన్న భయం న్యాయమైనదే. ఇంగ్లండులోనూ ఇంటి యజమానులు, పాల వ్యాపారులు కౌన్సిళ్లలో కూర్చుని ఆరోగ్యాధికారులను బెదిరించారు. అందుకే 1920ల నుంచి కేంద్ర మంత్రి అనుమతి లేకుండా వారిని తొలగించలేని రక్షణ కల్పించారు. నివేదిక ఇవ్వడం అధికారి ఇష్టానికి వదిలితే ఇబ్బందికరమైన ఏడాది అది రాదు. చట్టం తేదీ పెట్టి అడిగితే రాకపోవడమే వార్త అవుతుంది. చట్టం మాట కొత్తదేమీ కాదు. ఆంధ్ర ప్రాంతం భాగంగా ఉన్న నాటి మద్రాసు రాష్ట్రం 1939లోనే ప్రజారోగ్య చట్టం చేసింది, స్థానిక సంస్థలకు ఆరోగ్యాధికారులను తప్పనిసరి చేసింది. ఆ సంప్రదాయాన్ని నిలబెట్టుకున్న తమిళనాడులో ప్రజారోగ్యానికి వేరే సంచాలకులు, వేరే శిక్షణ పొందిన సిబ్బంది ఉన్నారు. హైదరాబాద్ సంస్థానంలో ఉన్న జనగామ, మహబూబాబాద్‌లకు ఆ వారసత్వం దక్కలేదు. 1992 రాజ్యాంగ సవరణలు పంచాయతీల, పురపాలక సంఘాల పనుల జాబితాలో ప్రజారోగ్యాన్ని చేర్చాయి. అది కాగితం మీద ఉన్నంత బలంగా ఆచరణలో లేదు.

ఇంగ్లండు కథ చివరి అధ్యాయం మనకు హెచ్చరిక. 1929 చట్టం పేదల ఆసుపత్రులను బరోలకు అప్పగించింది. అప్పటి నుంచి చాలామంది ఆరోగ్యాధికారులు పడకలు, సిబ్బంది, కొనుగోళ్ల నిర్వహణలో మునిగి, ఊరి ఆరోగ్యాన్ని పరిశీలించే తమ అసలు పనికి దూరమయ్యారని జేన్ లూయిస్ వంటి చరిత్రకారులు చూపారు. 1974లో ఆ పదవే రద్దయింది. ప్రజారోగ్య బాధ్యత మళ్లీ స్థానిక సంస్థల చేతికి రావడానికి 2013 దాకా పట్టింది. ఇవాళ మన మూడు జిల్లాల్లో పడకలు, సీట్లు, భవనాలు పెరుగుతున్న సమయం. పెద్ద భవనం నిర్వహణ చిన్న ఊరి లెక్కను మింగేయగల ప్రమాదం సరిగ్గా ఇప్పుడే ఉంది.

ఆ భవనాలే పరిష్కారంలో భాగం కాగలవు. ప్రతి వైద్య కళాశాలలో సామాజిక వైద్య విభాగం ఉంటుంది. కొత్త పాఠ్యప్రణాళిక ప్రకారం వైద్య విద్యార్థులు ఊళ్లలో కుటుంబాలను దత్తత తీసుకుని వారి ఆరోగ్యాన్ని గమనించాలి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి కళాశాలల సామాజిక వైద్య విభాగాలు జిల్లా వైద్యాధికారితో కలిసి ఏటా ఒక నివేదిక రాయగలవు. అందులో మండలాల వారీగా జననాలు, మరణాలు, వాటి కారణాలు నివాస స్థలానికి తిప్పి లెక్కగట్టి ఉండాలి. కొళాయి నీటి పరీక్షలు జ్వరాల పక్కన, గనుల ప్రాంతపు గాలి కొలతలు ఊపిరితిత్తుల జబ్బుల పక్కన ఉండాలి. పోయిన ఏడాది చెప్పినదాంట్లో ఏది జరిగింది, ఏది జరగలేదు అనేది మొదటి పేజీలో ఉండాలి. తెలుగులో ఉండాలి, జిల్లా పరిషత్తు సమావేశంలో చర్చకు రావాలి, ప్రతి గ్రామ సభకు తన ఊరి పేజీ అందాలి. అప్పుడు సర్పంచి ట్యాంకు గురించి, ఏఎన్ఎం ఖాళీ పోస్టు గురించి, ఎమ్మెల్యే రోడ్డు గురించి ఆధారంతో మాట్లాడగలుగుతారు. ప్రజారోగ్యంలో ప్రభుత్వం తన ఊరి మరణాలను తానే లెక్కపెట్టి, వాటి కారణాన్ని తానే ప్రజలకు చెప్పినప్పుడు నివారణ మొదలవుతుంది. డాక్టర్లను తయారుచేసే స్థాయికి ఎదిగిన ఈ మూడు జిల్లాలు ఆ లెక్క చెప్పే స్థాయికి ఎదగడానికి ఇక కారణాలు వెతుక్కోనక్కర్లేదు.